బల్లార్షాలో చేయించిన రేకు కూలర్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

మహారాష్ట్రలోని మా చంద్రాపూర్ జిల్లా ఎండ గురించి ఇక్కడివాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మే నెలలో 45, 46 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రోహిణి కార్తె వచ్చిందంటే మధ్యాహ్నం వీధిలో మనిషి కనబడడు. మాది రాజురా. స్లాబ్ ఇల్లు, పడమటి గోడకు ఎండ నేరుగా కొడుతుంది. రాత్రి పదకొండైనా ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. అత్తమ్మకు డెబ్బై దాటాయి, బీపీ కూడా ఉంది. ఏసీ పెట్టిద్దామన్నారు మా ఆయన. నేను బిల్లు లెక్క వేసి వద్దని, రేకు కూలర్ చేయిద్దామన్నాను.

మహారాష్ట్రలో ఇంటి కరెంటుకు 100 యూనిట్ల దాకా ఒక రేటు, 300 దాకా ఇంకో రేటు, 500 దాకా మరోటి. 100 దాటాక వచ్చే యూనిట్ దాదాపు రెట్టింపు పడుతుంది. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, వీలింగ్ చార్జీ (లైన్ల మీదుగా కరెంటు తెచ్చినందుకు), సుంకం. జిల్లాలోనే 2,920 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉంది, చుట్టూ బొగ్గు గనులున్నాయి. దుమ్ము మాకు, కరెంటు అందరికీ, రేటులో మాత్రం మాకు రూపాయి తగ్గింపు లేదు. ఈ బాధ నాకు ఎప్పటికీ పోదు.

ఒకటిన్నర టన్నుల ఏసీ ఇక్కడి ఎండల్లో రాత్రంతా నడిస్తే ఎనిమిది నుంచి పది యూనిట్లు లాగుతుంది. కూలర్ మోటారు, పంపు కలిపి 200 వాట్లు, అంటే పది గంటలకు రెండు యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ ఎలాగూ ఉంటాయి. ఏసీ ఒక్కటి చేరితే మా ఇల్లు నెలకు 300 యూనిట్లు దాటి మూడో రేటులో పడుతుంది. కూలరైతే రెండో దాంట్లోనే ఆగుతుంది.

బల్లార్షాలో కూలర్లు చేసే షాపులు చాలా ఉన్నాయి. మేం వెళ్ళింది పెద్దపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక తెలుగాయన చిన్న షాపుకు. ధర చెప్పకముందే ఆయన అడిగింది ఇది: "అక్కా, గది ఎంత? కిటికీ ఏ పక్క? దానికి ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉందా?" ఆ ప్రశ్నలతోనే నాకు నమ్మకం కుదిరింది. అంతకుముందు చూసిన పెద్ద షోరూంలో ఈ మాట ఎవరూ అడగలేదు, ప్లాస్టిక్ కూలర్ గది మధ్యలో పెట్టుకోండి అన్నారు.

అలా పెడితే పని చేయదు. నీళ్ళు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటాయి, కూలర్ చేసే పనంతా అదే. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. గదిలోని తడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పితే కాసేపటికి ఉక్క మొదలవుతుంది. కూలర్ వీపు కిటికీ బయట ఉండాలి, ఎదుటి తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉండాలి. షాపాయన మా ఇంటికి కుర్రాణ్ణి పంపి కిటికీ కొలత తీయించారు, బయట ఇనుప స్టాండ్ బిగించి దాని మీద కూలర్ కూర్చోబెట్టారు. స్టాండ్‌తో కలిపి ఏడున్నర వేలు అయింది.

కూలర్‌కు మూడు పక్కలా తడికెలు, రెండు పక్కల గడ్డివి. తేనెపట్టు లాంటి అట్ట ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి కానీ మా బోరు నీళ్ళకు ఉప్పు పేరుకుని మూసుకుపోతాయని ఆయనే వద్దన్నారు. గడ్డి ప్రతి హోలీకి మార్చుకుంటే సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. ఒక పక్క మాత్రం వట్టివేళ్లు పెట్టమన్నాను, డబ్బు ఎక్కువే పడింది. మంథనిలో అత్తమ్మ పుట్టింట్లో ఎండాకాలం గుమ్మానికి వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారట. మొదటి రోజు సాయంత్రం ఆ వాసనకు ఆమె కూలర్ ముందే కుర్చీ వేయించుకున్నారు. ఏసీలో ఇది దొరకదు.

మా అమ్మాయి థర్మామీటర్ పెట్టి చూసింది. బయట 44 ఉన్న రోజు మంచం దగ్గర 31. నిద్ర పట్టడానికి అది చాలు.

ఇక లోపాలు. శబ్దం ఎక్కువ, ఫోన్ మాట్లాడాలంటే వరండాలోకి వెళ్ళాలి. మొదటి వేసవిలోనే పంపు కాలిపోయింది. షాపాయన మాట అనకుండా మార్చి ఇచ్చారు, కానీ మధ్యలో ఒక రాత్రి అత్తమ్మను తడి బట్టలతో తుడుస్తూ గడపాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఒక పంపు అదనంగా ఉంచుకున్నాం. నీళ్ళు బాగా తాగుతుంది, ట్యాంకు రోజూ నింపాల్సిందే. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో ఇది ఇబ్బందే. జూన్‌లో వానలు పడ్డాక దీనితో ఉపయోగం లేదు, పంపు ఆపేసి ఫ్యాన్‌లా వాడుకోవడమే.

రేకు కూలర్ కొనేవాళ్ళను చేతులు పట్టుకుని అడుగుతున్నా, కరెంటు విషయంలో నిర్లక్ష్యం వద్దు. ఒళ్ళంతా ఇనుము, లోపల నీళ్ళు. విదర్భలో ప్రతి వేసవిలో కూలర్ షాక్ కొట్టి చనిపోయిన వార్తలు చదువుతూనే ఉంటాం, వాళ్ళలో పిల్లలూ ఉంటారు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే చాలదు, ఇంట్లో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే సేఫ్టీ స్విచ్ పెట్టించండి, కరెంటు లీకేజీ రాగానే అదే సరఫరా ఆపేస్తుంది. నీళ్ళు పోసే ముందు ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి తోమాలి, లేకపోతే డెంగ్యూ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

మా ఆడపడుచు బరంపురంలో ఉంటుంది, తనకూ ఒకటి పంపమంది. వద్దన్నాను. సముద్రం పక్కన గాలిలోనే తేమ ఉంటుంది, అక్కడ కూలర్ పెడితే చెమట ఇంకా ఎక్కువవుతుంది. వాళ్ళు 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్లు తీసేసి 30 చిల్లర వాట్లే తినే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు మోటారు) ఫ్యాన్లు పెట్టుకోవడం మేలు. ఏసీ తప్పదనుకుంటే 26 దగ్గర పెట్టి పైన ఫ్యాన్ తిప్పుకోవాలి.

రాజురా, బల్లార్షా, సిరోంచా వైపు వాళ్ళయితే ఫిబ్రవరిలోనే ఆర్డర్ ఇవ్వండి. అప్పుడు షాపాయన తీరిగ్గా కొలతలు తీసి, మందం రేకు చూపించి చేస్తారు. ఏప్రిల్‌లో వెళితే షాపు ముందు వరుసగా పెట్టిన వాటిలోంచే ఏదో ఒకటి తెచ్చుకోవాలి.