పాయిఖానా గారతో పదకొండేళ్లు: యాసిడ్, నీలం సీసా, నిమ్మ ఉప్పు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మేము ఇల్లు కట్టుకుని పదకొండేళ్లు దాటింది. ఇంట్లో మరుగుదొడ్లు రెండు. పెరటి వైపు దానిలో, కాళ్లు పెట్టుకునే మెట్లు కూడా పింగాణీతోనే కలిసి వచ్చే పాన్ ఉంది. సామాన్ల దుకాణాల్లో దాన్ని ‘ఒరిస్సా పాన్’ అంటారు. 2011లో రాష్ట్రం పేరు ఒడిశాగా మారినా, పాన్ పేరు మాత్రం మారలేదు. పడకగదిని ఆనుకుని ఉన్న రెండవ దానిలో, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరాక 2016లో పెట్టించిన కమోడ్ ఉంది. మొదటి మూడేళ్లు వీటిని నా భార్య కడిగేది. తరువాత ఆ పని నాకు వచ్చింది, ఎందుకో కింద చెబుతాను. ఇన్నేళ్లలో నేను వాడి చూసిన వాటిలో ఏది పనికి వచ్చింది, ఏది డబ్బు దండగ, ఏది ప్రమాదం అన్నది కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందుగా మా నీళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా మిగతాది అర్థం కాదు. మా బోరు నీళ్లు తాగడానికి కొంచెం చప్పగా ఉంటాయి. టీ కాచే గిన్నె అడుగున నెల తిరిగేసరికి తెల్లని పెచ్చు కడతాయి, కుళాయి మూతి చుట్టూ సున్నపు పొక్కులు లేపుతాయి. అవే నీళ్లు పాన్ మీద పడి ఆరినప్పుడల్లా, వాటిలోని సున్నపు లవణాలు పలుచని పొరగా మిగిలిపోయి, మూత్రంలోని లవణాలు కూడా వాటితో కలిసి పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగి, చివరికి పంటి గారలాగే గట్టిపడతాయి. చేత్తో తడిమితే గరుకుగా తగిలేది మురికి కాదు, గార. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు అయిదేళ్లు పట్టింది.

గృహప్రవేశం అయిన కొత్తలో, ఊళ్లో అందరిలాగే మేము కూడా లేబుల్ లేని పాత సీసాల్లో పోసి అమ్మే యాసిడ్ కొనేవాళ్లం. పాయిఖానా యాసిడ్ అంటే చాలు, ఒడియా దుకాణదారుడైనా తెలుగు దుకాణదారుడైనా బల్ల కింద నుంచి సీసా తీసి ఇస్తాడు. ‘మాస్టారూ, ఇది వేస్తే రాయి కూడా కరిగిపోద్ది’ అని ఒకాయన నాకు గట్టిగా హామీ ఇచ్చాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రాయిని కరిగించే వస్తువును ఇంట్లోకి ఎందుకు తీసుకువెళుతున్నానని నేనే అడగలేదు. బజారులో దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 30 శాతం ఉంటుంది, కానీ లేబుల్ లేని సీసాలో ఎన్ని నీళ్లు కలిపారో కొన్నవాడికి తెలిసే దారి లేదు, కాబట్టి ఒక నెల సీసా ఏ పనీ చేయకపోగా మరో నెల సీసా మూత తీయగానే తెల్లని పొగ లేచేది. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జూలైలోనే, కొన్నవారి పేరు, చిరునామా పుస్తకంలో రాసుకుని, గుర్తింపు కార్డు చూసి మాత్రమే అమ్మాలని ఆదేశించింది. నన్ను మాత్రం ఎవరూ ఏ కార్డూ అడగలేదు.

ఒక ఆదివారం ఉదయం పెరటి దొడ్డిలో యాసిడ్ పోసిన నా భార్య, కిటికీ మూసి ఉన్న సంగతి గమనించలేదు. పాన్‌లో గార మీద యాసిడ్ పడగానే బుసబుసమని నురగ పొంగింది. గారలోని సున్నం నుంచి బొగ్గుపులుసు వాయువు విడుదలైతే అలాగే పొంగుతుంది, దానితో వచ్చిన చిక్కు లేదు, చిక్కంతా ఆమ్లపు ఆవిరితోనే. ఆమెకు ఉబ్బసం ఉంది. గుక్క తిప్పుకోలేక నూతి గట్టు మీద కూర్చుండిపోయి, అరగంట తరువాత ‘ఏవండీ, ఇకమీదట ఈ పని మీరే చూసుకోండి’ అన్న మాట ఒక్కటే అన్నది. ఆనాటి నుంచి బ్రష్షు నా చేతికి వచ్చింది.

యాసిడ్ పింగాణీని తినేస్తుందని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంట్లో తేలింది వేరు. పింగాణీ నునుపు యాసిడ్‌కు చెక్కుచెదరలేదు, కానీ పాన్ చుట్టూ ఉన్న సిమెంటు, టైల్స్ సందుల్లోని తెల్ల సిమెంటు, గుమ్మం దగ్గరి మొజాయిక్ గచ్చు మాత్రం మూడేళ్లలో గుంటలు పడ్డాయి, ఎందుకంటే సిమెంటులోనూ మొజాయిక్ రాళ్లలోనూ ఉన్నది కూడా సున్నమే. గారను కరిగించే వస్తువుకు గార ఏదో గచ్చు ఏదో తెలియదు. సందులు తెరుచుకున్నాక నీరు లోపలికి ఇంకి, ఎంత కడిగినా పోని వాసన పట్టింది. పాతపట్నం నుంచి తాపీ మేస్త్రీని పిలిపించి సందులన్నీ తవ్వించి మళ్లీ నింపించుకున్న ఖర్చుతో నాలుగైదేళ్లకు సరిపడా మంచి సీసాలు వచ్చేవి. కుళాయి మీది మెరుపు పూత ఆవిరికే నల్లబడిపోయింది.

పింగాణీని పాడుచేసిన పాపం నాదే. యాసిడ్ మానేసిన కొత్తలో, ఓపికతో తోమితే పోనిది ఏముంటుందన్న ధీమాతో, అంట్లు తోమే స్టీలు పీచు తీసుకుని ఒరిస్సా పాన్‌ను గంటసేపు రుద్దాను. ఆ సాయంత్రం పాన్ తళతళలాడింది. పది రోజులకు, రుద్దిన చోటే, రుద్దని చోటుకన్నా ముందుగా పసుపు తిరిగింది. టార్చిలైటు పక్కవాటుగా పట్టి చూస్తే సన్నని గీతలు వందల కొద్దీ కనిపించాయి. ప్రతి గీతా గారకు పట్టు దొరికే చోటే. ఇటుక పొడి, ఇసుక, గరుకు కాగితం వంటివి వాడమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి ఇళ్లలో పాన్ ఎలా ఉందో ఒకసారి చూసి రావడం మంచిది.

గారకూ మురికికీ ఉన్న తేడా నాకు కళ్లకు కట్టింది తిత్లీ తుఫానప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. మా వీధికి పది రోజులకు పైగా కరెంటు లేదు, బోరు మోటారు తిరగలేదు, పాత నూతిలోని బురద నీళ్లనే బకెట్లతో మోసి పాయిఖానాలో పోసుకున్నాం. కరెంటు వచ్చాక చూస్తే రెండు దొడ్లూ ఎర్రమట్టి పూసినట్టు ఉన్నాయి. ఇక ఇవి బాగుపడవనుకున్నాను. కానీ ఆ మట్టంతా ఉత్త నీళ్లతో, నైలాన్ బ్రష్షుతో రెండు నిమిషాల్లో పోయింది. దాని కింద, తుఫానుకు ముందు ఎక్కడ ఉందో అక్కడే, పసుపు గార చెక్కుచెదరకుండా ఉంది. చూడటానికి అసహ్యంగా ఉన్నది సులువుగా పోయింది, ఏళ్ల తరబడి తోమినది పోలేదు. తోముడుతో పోయేది మురికి, నానబెడితే పోయేది గార అని అప్పుడు నాకు బోధపడింది. అంతకుముందు నేను చేసిన తప్పు, మందు వేసిన మరుక్షణమే బ్రష్షు పట్టడం.

ఇప్పుడు నీలం సీసా మాట. ఏ కంపెనీ సీసా తెచ్చినా మా ఇంట్లో దానికి హార్పిక్ అనే పేరు. అది అలా స్థిరపడిపోయింది. ఇటువంటి సీసాల లేబుల్ చదివితే, వాటిలో ఉన్నదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, కాకపోతే సుమారు 10 శాతం. మరి నీళ్లలాంటి గాఢ యాసిడ్‌కన్నా ఇది బాగా పనిచేయడానికి కారణం చిక్కదనం. లూజు యాసిడ్ అంచు మీద పోస్తే రెండు క్షణాల్లో జారి గొట్టంలోకి పోతుంది. ఇది జిగటగా గోడను పట్టుకుని, మెల్లగా దిగుతూ, గారతో పది పదిహేను నిమిషాలు మాట్లాడుతూ కూర్చుంటుంది. సీసా మెడ వంకరగా ఉండటం కూడా అలంకారం కాదు, కమోడ్ అంచు కిందికి మందు చేరేందుకే.

అయితే సీసా మీద రాసిన పద్ధతికి నేను ఒక అడుగు ముందు చేర్చాను, నా అనుభవంలో సగం ఫలితం దానిదే. కమోడ్ గుంతలో ఎప్పుడూ నిలిచి ఉండే నీటిలో మందు పడితే అది పలుచబడి, నీటి అంచున గీతలా కట్టిన గార మీద దాదాపు పనిచేయదు. కాబట్టి ముందు బ్రష్షుతో ఆ నీటిని పది పన్నెండు సార్లు వేగంగా వంపు లోపలికి నెడితే నీటి మట్టం బాగా దిగిపోతుంది. ఒరిస్సా పాన్‌లో అయితే ఆ పనికే వేరుగా పెట్టుకున్న పాత మగ్గుతో తోడి, లోపలికే పారబోస్తాను. అప్పుడు అంచు కింద చుట్టూ మందు వేసి, కిటికీ తెరిచి, తలుపు మూసి వచ్చేస్తాను. ఇరవై నిమిషాల తరువాత బ్రష్షుతో ఒక చుట్టు తిప్పితే చాలు. ఫ్లష్ చేస్తే గుంతలో నీరు మళ్లీ నిండుతుంది. అది నిండకుండా వదిలేస్తే సెప్టిక్ ట్యాంకు వాసన ఇంట్లోకి వస్తుంది, ఎందుకంటే ఆ వాసనను ఆపేది ఆ కాసిని నీళ్లే.

వారానికి ఒకసారి ఇలా చేస్తే కొత్త గార పట్టదు. కానీ అప్పటికే ముదిరిన గారకు నీలం సీసా చాలదు. వారం వారం వేసినా రంగు తగ్గుతుంది గానీ పొర దిగదు. దానికి నాకు దొరికిన మందు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. పచారీ కొట్లో తెల్లని పలుకులుగా దొరుకుతుంది, పొగ రాదు, ముక్కు మండదు, నా భార్య పక్కగదిలో ఉన్నా ఇబ్బంది లేదు. చేయి పట్టగలిగినంత వేడి నీళ్లు ఒక లీటరు తీసుకుని అందులో వంద గ్రాములు కరిగిస్తాను; సలసల మరిగే నీళ్లు చల్లని పింగాణీ మీద పోస్తే అది పగిలే అవకాశం ఉంది కాబట్టి అంత వేడి పనికిరాదు. పాత నూలు పంచెను పీలికలుగా చించి, ఆ నీళ్లలో ముంచి, గార ఉన్న చోటల్లా తడి గోడకు అతికించినట్టు అంటించి, రాత్రి పది గంటలకు వదిలేస్తాను. తెల్లవారి పీలికలు తీస్తుంటే వాటి వెనుక గార మెత్తని సుద్దలా లేచి వస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నా భార్యను పిలిచి మరీ చూపించాను, ఆమె చూపు దానికి తగినట్టే ఉంది. మా కమోడ్ నీటి అంచు గీత పూర్తిగా పోవడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పుడు నెలకొకసారి చేస్తున్నాను. పీలికలను పాయిఖానాలో వేయకుండా చెత్తలో వేయాలని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను, కానీ మా మేనల్లుడికి చెప్పవలసి వచ్చింది.

అదే మేనల్లుడు మరొక పాఠం కూడా నేర్పాడు. ఒక సంక్రాంతికి ముందు సాయం చేద్దామని, నేను నీలం మందు వేసి వదిలిన పాన్‌లో, పైనుంచి గుప్పెడు బ్లీచింగు పొడి చల్లాడు. ఆమ్లం, బ్లీచింగు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. వాడు కళ్లు మండి దగ్గుతూ బయటకు పరుగెత్తుకు వచ్చాడు. కిటికీ తెరిచే ఉండటం మా అదృష్టం. ఇంటిల్లిపాదీ పెరట్లోకి వచ్చి గంటసేపు ఎవరం లోపలికి వెళ్లలేదు. బ్లీచింగు రంగును తెల్లబరుస్తుంది, క్రిములను చంపుతుంది గానీ గారను కరిగించదు. గార తెల్లగా కనిపిస్తే పోయిందనుకుంటాం, అంతే. పైగా సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఎక్కువ బ్లీచింగు హాని చేస్తుంది. అది మా ఇంటికి రావడం ఆనాటితో ఆగింది.

ఫినాయిలు గురించి ఒక్క మాట: గచ్చు తుడవడానికి మంచిదే, పాన్‌కు వాసన తప్ప ఏమీ ఇవ్వదు. ఫ్లష్ ట్యాంకులో వేసే నీలం బిళ్ల నీళ్లకు రంగు ఇస్తుంది, ఆ రంగు చాటున గార పెరుగుతుంది. ఒకసారి కొన్నాను, మళ్లీ కొనలేదు.

బ్రష్షు విషయంలో మాత్రం నేను ఖర్చుకు వెనుకాడను. గుండ్రని బ్రష్షు అంచు కిందికి చేరదు, ఒక పక్కకు కొక్కెంలా వంగిన కుంచె ఉన్నది కావాలి. అదయినా ఎనిమిది తొమ్మిది నెలలకు కుచ్చు విడిపోతుంది. వాడిన వెంటనే దాన్ని డబ్బాలో పెడితే డబ్బా అడుగున మురుగు నిలుస్తుంది, దోమలు చేరతాయి. అందుకే బ్రష్షు కుంచె గుంత మీదికి వచ్చేలా, పిడిని కమోడ్ సీటు కింద నొక్కి, ఒక గంట నీళ్లు కారనిచ్చి తరువాత డబ్బాలో పెడతాను. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

ఈ పద్ధతితో కమోడ్ ఎనిమిదేళ్ల తరువాత కూడా కొత్తదానిలా ఉంది. ఒరిస్సా పాన్‌లో స్టీలు పీచుతో గీతలు పడిన అరచేతి వెడల్పు భాగం మాత్రం ఏ మందుకూ లొంగదు. ఆదివారం తెల్లగా ఉండి శుక్రవారానికి పసుపు తిరుగుతుంది. మార్చాలంటే చుట్టూ గచ్చు పగలగొట్టాలి, కిందటేడు మేస్త్రీ నింపిన సందులన్నీ మళ్లీ విప్పాలి. ప్రస్తుతానికి ఆ భాగానికి వారానికి రెండుసార్లు మందు వేస్తున్నాను.