పెద్ద సంఖ్య ప్రధానమా కాదా: ఏ పరీక్ష మేలు?

2¹²⁷ − 1 అనే సంఖ్యలో 39 అంకెలుంటాయి. కంప్యూటర్లు లేని 1876లోనే అది ప్రధాన సంఖ్య అని ఎడ్వర్డ్ లూకా తేల్చాడు. బడిలో నేర్చుకున్నట్టు వర్గమూలం దాకా ఒక్కో సంఖ్యతో భాగిస్తూ పోతే, సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే యంత్రానికి కూడా 400 ఏళ్లు పైనే పడుతుంది. కాబట్టి ఆ దారి వదిలేద్దాం.

ఫెర్మా పరీక్ష చాలా తేలిక. n ప్రధానమైతే, n గుణిజం కాని ఏ సంఖ్యనైనా n − 1 ఘాతానికి పెంచి n తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. రాలేదంటే అది ప్రధానం కాదు, సందేహమే లేదు. వస్తేనే చిక్కు. 561 అంటే 3 × 11 × 17. అయినా 2⁵⁶⁰ని 561తో భాగిస్తే శేషం 1 వస్తుంది. 2 బదులు 5 తీసుకున్నా, 7 తీసుకున్నా అంతే. ఇలా మోసం చేసేవాటిని కార్మైకేల్ సంఖ్యలు అంటారు. వాటికి అంతు లేదని 1994లో రుజువు వెలువడింది.

మిల్లర్-రాబిన్ పరీక్ష ఈ 561ని పట్టేసే తీరు నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. 560 అంటే 16 × 35. అందుకని 2³⁵తో మొదలుపెట్టి, వచ్చిన శేషాన్ని వర్గం చేసుకుంటూ పోతాం. వరుసగా 263, 166, 67, 1 వస్తాయి. ఆ 67 దగ్గర ఆగండి. ప్రధాన సంఖ్యకైతే, వర్గం చేసినప్పుడు 1 మిగిల్చే శేషాలు రెండే: 1, లేదా n − 1. 67 అయితే 1 కాదు, 560 కూడా కాదు. దొరికిపోయింది! ఇంకో విశేషం: 67కి అటూ ఇటూ ఉన్న 66, 68లకు 561తో గ.సా.భా. కడితే 33, 17 వస్తాయి. ఆ రెండిటి లబ్ధమే 561.

ప్రధానం కాని సంఖ్య ఒక రౌండులో తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. మొదట తీసుకునే 2 లాంటి సంఖ్యను (ఆధారాన్ని) యాదృచ్ఛికంగా మారుస్తూ 20 రౌండ్లు నడిపితే అది లక్ష కోట్లలో ఒకటి కన్నా తక్కువ. ఏ ప్రత్యేక రూపమూ లేని పెద్ద సంఖ్య చేతికొస్తే నా ఓటు దీనికే.

అనుమానానికి తావే లేకుండా, ఏ సంఖ్యకైనా, సంఖ్య పెరిగినా అదుపు తప్పని సమయంలో తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనిపెట్టారు. సిద్ధాంతపరంగా అది మహత్తరమైన ఫలితం. ఆచరణలో మాత్రం బాగా నెమ్మది.

2ᵖ − 1 రూపంలో ఉన్న మెర్సెన్ సంఖ్యలైతే లూకా-లెమర్ పరీక్షకు సాటి లేదు. 127నే తీసుకోండి, అంటే 2⁷ − 1. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 127తో భాగించగా మిగిలింది రాసుకోవాలి: 4, 14, 67, 42, 111, 0. p − 2, అంటే ఇక్కడ 7 − 2 = అయిదో అడుగులో సున్నా వచ్చింది కనుక 127 ప్రధానమే. ఇక్కడ అవకాశాల మాటే లేదు, ఇది పూర్తి రుజువు.

2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని ముందు పసిగట్టింది ఫెర్మా తరహా పరీక్ష, ప్రధానమని ఖాయం చేసింది లూకా-లెమర్.