చెట్లు కొట్టకపోతే ఏటా డబ్బు: ఉగాండా పథకంపై సమీక్ష

పశ్చిమ ఉగాండాలోని హోయిమా, ఉత్తర కిబాలే ప్రాంతంలో 2011–2013 మధ్య నడిచిన పథకమిది. సొంత అడవి ఉన్న రైతు దాన్ని రెండేళ్లపాటు నరక్కుండా ఉంటే హెక్టారుకు ఏడాదికి 70,000 షిల్లింగులు, అప్పటి లెక్కన దాదాపు 28 డాలర్లు ఇచ్చేవారు. 121 ఊళ్లలో 60 ఊళ్లను లాటరీ పద్ధతిలో ఎంచి వాటికే పథకం ఇచ్చారు, మిగిలినవాటితో పోల్చి చూశారు. దీని అంకెలను నమ్మొచ్చనడానికి కారణం అదే.

పథకం లేని ఊళ్లలో చెట్ల విస్తీర్ణం 9.1 శాతం తగ్గితే, ఉన్న ఊళ్లలో 4.2 శాతమే తగ్గింది. అర్హుల్లో చేరినవాళ్లు 32 శాతం! అంత కొద్దిమందితోనే ఇంత తేడా వచ్చిందంటే, ఎలాగూ నరకనివాళ్లే వచ్చి డబ్బు పట్టుకుపోలేదన్నమాట. ఇలాంటి పథకాలకు పట్టే పెద్ద జబ్బు అదే. ఇంధన పన్ను డబ్బుతో 1997లో మొదలైన కోస్టారికా పథకం తొలినాళ్లలో ఈ విమర్శే ఎదుర్కొంది: నరికే ఒత్తిడి పెద్దగా లేని భూములే ఎక్కువగా చేరాయని.

ఉగాండా ఒప్పందంలో గట్టి షరతు ఒకటుండేది: చేరితే తన అడవంతా చేర్చాలి. ఈ షరతు లేకపోతే రైతు కొట్టే ఉద్దేశం లేని ముక్కను నమోదు చేసి, రెండో ముక్కను చదును చేసుకుంటాడు. డబ్బూ పోతుంది, అడవీ పోతుంది. మెక్సికోలోని లకండోనా అడవిలో ఈ ఒక్క షరతునే విడిగా పరీక్షించారు. నచ్చిన ముక్క చేర్చుకోనిచ్చిన పాత ఒప్పందంతో పోలిస్తే, మొత్తం చేర్చాలన్న చోట నరికివేత 41 శాతం తక్కువ. కొత్తగా పథకం రాసేవాళ్లు మొదట రాయాల్సిన వాక్యం ఇదే. ఎండు కట్టెలు ఏరుకోవడానికి అనుమతి ఉంచడం కూడా తెలివైన పని. పొయ్యి ఆపేసే షరతును ఎవరూ పాటించరు.

ఇక లోపాలు. డబ్బు ఏడాది చివర్లో, తనిఖీ అయ్యాకే చేతికొచ్చేది. పేద రైతుకు చెట్టంటే బ్యాంకు ఖాతా లాంటిది. ఆస్పత్రి ఖర్చు వచ్చిన రోజే కలప వ్యాపారి నగదు పట్టుకుని వస్తాడు, పథకం డబ్బు మాత్రం నెలల దూరంలో ఉంటుంది. సంతకం రోజున కొంత, ఏడాది మధ్యలో కొంత ఇచ్చి, మిగతాది తనిఖీకి ముడిపెడితే మేలు. ముందే అంతా ఇచ్చేస్తే తనిఖీకి పట్టు పోతుంది. భూమి లాక్కోవడానికి వేసిన ఎత్తేమోనన్న భయం, అసలు పథకం సంగతే తెలియకపోవడం చేరికను దెబ్బతీశాయి. దీనికి రేటు పెంచడం మందు కాదు. ఒప్పందాన్ని ఊరి మధ్యలో, వాళ్ల భాషలో, భూమి హక్కు రైతుదేనన్న వాక్యంతో సహా చదివి వినిపించాలి.

రెండేళ్ల గడువు మరీ చిన్నది. ఇంత తక్కువ కాలంలో ఉద్గారాలు (చెట్లు కొడితే గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్) ఆగిపోయాయనలేం, వాయిదా పడ్డాయనే లెక్కగట్టాలి. పరిశోధకులు అలాగే గట్టారు, అయినా ప్రయోజనం ఖర్చుకు 2.4 రెట్లు తేలింది.