ఆషాఢం వానలో కొత్తవాడ దాకా

శ్రావణంలో మరిది పెళ్లి. బట్టలు ఆషాఢంలోనే కొనాలని అత్తమ్మ పట్టు, ఎందుకంటే తగ్గింపు ఇప్పుడే ఉంటది. ఆదివారం పొద్దున పరకాల నుంచి గూడెప్పాడ్ మీదుగా వరంగల్ బయలుదేరినం. 30 కిలోమీటర్ల పైచిలుకు దారి. మామూలుగా గంట లోపే పోతం, ముసురులో గంటన్నర పట్టింది.

వానాకాలం వచ్చేవాళ్లకు ముందే ఒక మాట. వరంగల్ చౌరస్తా, జేపీఎన్ రోడ్డు వైపు కారు తీసుకపోవద్దు. ఆపే చోటు దొరకక మూడు చక్కర్లు కొట్టినం. చివరికి దూరంగా ఒక సందులో పెట్టి, గొడుగులు పట్టుకొని నడిచినం. చిన్నోడి చెప్పు ఒకటి కాలువల పోయింది. నాలుగు రోడ్లు తిరిగి కొనేటట్టయితే బస్సుల వచ్చి ఆటోలు పట్టుకునుడే నయం.

మొదలు పెద్ద షోరూంకు పోయినం. తలుపు కాడ గొడుగులకు ప్లాస్టిక్ కవర్లిచ్చిన్రు, లోపల టీ పోసిన్రు, పిల్లలు కూసోవడానికి కుర్చీలేసిన్రు. మర్యాదకు వంక పెట్టలేం. కానీ "సగం ధర" అని బోర్డు పెట్టిన పట్టుచీరెల కుప్పల మా ఆడబిడ్డ ఒక స్టిక్కరు గీకి చూస్తే, కింద ఇంకో ధర బయటపడ్డది. అది తగ్గించిన ధర కంటే రెండు వందలే ఎక్కువ. అడిగితే సేల్స్ పిల్ల నవ్వింది, పాపం ఆమె ఏం చెప్తది. ఫాల్ కుట్టుడు ఉచితమే, కాకపోతే వారం ఆగాలె. పరకాల నుంచి మళ్లా రావాలంటే పెట్రోలు ఖర్చే ఫాల్ కంటే ఎక్కువ. పెట్టుడు చీరెలు ఆరు తీసుకొని బయటపడ్డం.

ఆకలికి హన్మకొండ దిక్కు పోయి ఒక మెస్సుల కూసున్నం. బయట వరుస, లోపల తడి గొడుగుల వాసన. పప్పు, గోంగూర పచ్చడి, పచ్చిపులుసు అడగకుండనే మళ్లా మళ్లా వడ్డించిన్రు. నాటుకోడి కూర వేరేగా చెప్పుకోవాలె. ముక్క కొంచెం గట్టిగనే ఉన్నది, పులుసు మాత్రం అదిరింది. బిర్యానీ మాత్రం అడగకండి, రంగే తప్ప రుచి లేదు. చేతులు కడిగే కాడ నీళ్లు నిలిచి కాళ్లు తడిసినయి.

తిన్నంక ఇంటికి పోదామంటే అత్తమ్మ ఒప్పుకోలే. "కొత్తవాడ పోయి దర్రీ చూడకపోతే పెళ్లిపందిట్ల ఏం పరుస్తరు?" అన్నది. కొత్తవాడ అంటే వరంగల్‌ల నేతకారుల వాడ, దర్రీ అంటే కింద పరిచే నూలు జంపఖానా. ఆమె నాయిన 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసిండు. బట్ట మీద బోర్డు ఏమున్నా ఆమె చదవదు. రెండు వేళ్ల నడుమ పెట్టి ఒకసారి నలుపుతది, అంతే.

వరంగల్ దర్రీకి 2018ల భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా అమ్మేచోట అద్దాల తలుపుల్లేవు. మేం పోయింది ఒక నేతకారుని ఇంటికే. ముందు గదిల, గుంటల కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గం, దాని మీద సగం నేసిన నీలం, తెలుపు మెట్ల డిజైను. ఎరుపు దర్రీ కావాలని అడిగితే ఆయన తల అడ్డంగ ఊపిండు. ముసురు పట్టినంక రంగేసిన నూలు ఆరుతలేదట. పచ్చి నూలుతోని నేస్తే ఆరినంక బిగువు పోతదట. గుంటల నెమ్ము చేరి కాళ్లు కూడా లాగుతున్నయన్నడు. ఉన్న నీలం దర్రీని అత్తమ్మ తిప్పి చూసింది. అంచు, అల్లిక, రెండు దిక్కులా ఒకటే తీరు. బేరమాడే మనిషి చెప్పిన ధరకే ఒప్పుకున్నది, పైగా ఎరుపు దానికి బయానా ఇచ్చింది. షోరూంల ఆరు చీరెలకు గంటసేపు బేరం చేసిన మనిషి ఈమేనా అని మా ఆయన నా దిక్కు చూసిండు.

నీలం దర్రీని యూరియా సంచుల చుట్టి డిక్కీల పెట్టినం. గూడెప్పాడ్ కాడ కాల్చిన మక్క కంకులు కొన్నం, బొగ్గులు తడిసి సగం పచ్చిగనే ఉన్నయి. నాలుగు రోజులు ఎండ పడితే ఎరుపు నూలు ఆరుతదని, అప్పుడు ఫోన్ చేస్తనని నేతకారుడు చెప్పిండు. అత్తమ్మ రోజూ పొద్దున వాకిట్లకు పోయి మబ్బు చూసొస్తున్నది.