ఫోన్ ట్యాపింగ్‌కు అనుమతి: హోం సెక్రటరీ ఇస్తే మేలా, జడ్జి ఇస్తే మేలా?

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. అప్పటి నుంచి మన చర్చంతా ఎవరు చేయించారు, ఎవరెవరి ఫోన్లు విన్నారు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. మావోయిస్టుల మీద నిఘా కోసం ఉన్న పోలీసు విభాగం ఎస్‌ఐబీలో కొందరు అధికారులు ప్రతిపక్ష నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. ఒక హైకోర్టు జడ్జి ఫోన్ కూడా విన్నారని వార్తలు రావడంతో 2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. దోషులెవరో కోర్టులు తేలుస్తాయి. నేను అడగదలచుకున్నది వేరు. ఫలానావాళ్ళ ఫోన్ వినండి అని సంతకం పెట్టే అధికారం ఎవరి దగ్గర ఉంటే ఇలాంటివి జరగడం కష్టమవుతుంది? మన దేశంలో ఆ సంతకం హోం సెక్రటరీది. అమెరికాలో జడ్జిది. బ్రిటన్‌లో మంత్రి, జడ్జి ఇద్దరూ ఒప్పుకోవాలి.

ట్యాపింగే వద్దు అని నేననను. కిడ్నాప్ అయిన పిల్లవాడిని వెతకాలన్నా, బాంబు పెట్టబోయేవాళ్ళని ఆపాలన్నా ఫోన్ వినక తప్పని సందర్భాలు ఉంటాయి. కానీ "తప్పు చేయనివాడికి భయమెందుకు" అనే మాట నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఒక ఫోన్ వింటున్నారంటే దానికి ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ వింటున్నట్టే. అనుమానితుడి లాయరు, డాక్టరు, భార్య, భార్యతో మాట్లాడే ఆవిడ చెల్లెలు, అందరి మాటలూ అందులో పడతాయి.

మన పద్ధతి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చింది. సెక్షన్ 5(2) ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి ఉంటేనో, ప్రజా భద్రత కోసమో ప్రభుత్వం సందేశాలను అడ్డగించి వినవచ్చు. నాయకుల ఫోన్లు వింటున్న సంగతి బయటపడ్డాక పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ముందస్తుగా జడ్జి అనుమతి ఉండాలన్నది వాళ్ళ వాదన. 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో కోర్టు ట్యాపింగ్ పౌరుడి గోప్యతకు భంగమేనని ఒప్పుకుంది. కానీ చట్టంలో లేని జడ్జిని తాను తెచ్చి పెట్టలేనంది. కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా హోం సెక్రటరీయే ఆదేశం ఇవ్వాలని, గడువు రెండు నెలలని, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదని, రివ్యూ కమిటీ ఒకటి చూడాలని చెప్పి వదిలేసింది. తర్వాత అదే టెలిగ్రాఫ్ రూల్స్‌లో 419ఏ రూల్ అయింది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరులో నోటిఫై చేసిన రూల్స్ వచ్చాయి. పుస్తకం మారింది గానీ సంతకం మాత్రం సెక్రటరీ దగ్గరే ఉంది.

ఈ పద్ధతికి ఉన్న బలం వేగం. అర్ధరాత్రయినా ఫైలు కదులుతుంది. రహస్యం నలుగురి మధ్యే ఉంటుంది. ఇది చిన్న విషయమేమీ కాదు. కానీ అడిగేది హోం శాఖ కింద పనిచేసే పోలీసులు, ఇచ్చేది హోం సెక్రటరీ, తర్వాత సరిచూసేది రాష్ట్రంలో అయితే చీఫ్ సెక్రటరీ, న్యాయశాఖ సెక్రటరీ, ఇంకో సెక్రటరీ. వీళ్ళందరి బదిలీలూ ఒకే ముఖ్యమంత్రి చేతిలో ఉంటాయి. ముఖ్యమంత్రికి కావలసిన పేరును కాదనే అధికారి ఎక్కడో ఒకరు ఉండవచ్చు గానీ, అలాంటివాళ్ళు దొరుకుతారన్న ఆశ మీద వ్యవస్థను నిలబెట్టలేం.

పైగా ఆ కమిటీకి నిజంగా చూసే తీరిక ఉందా? కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఆదేశాలు ఇచ్చేదని కొన్నేళ్ళ కిందట సమాచార హక్కు కింద వచ్చిన జవాబులో ఉంది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. అంటే ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాలి. ఇది సాధ్యమయ్యే పని కాదని 2018లో డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలో రాసింది. తెలంగాణ కేసులోని ఆరోపణ కూడా ఇక్కడికే వస్తుంది. మావోయిస్టుల పేరుతో వేరేవాళ్ళ నంబర్లకు అనుమతి తీసుకున్నారంటున్నారు. అది రుజువవుతుందో లేదో పక్కన పెట్టండి. ఒక్కో నంబరు ఎవరిదో అడిగి తేల్చుకునే మనిషి లేనిచోట అలా చేయడం ఎంత తేలికో మనకు తెలుస్తూనే ఉంది.

అమెరికావాళ్ళూ ఒకప్పుడు ఇలాగే చేశారు. మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్ వినడానికి 1963లో ఎఫ్‌బీఐకి అనుమతి ఇచ్చింది అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ. 1967లో కాట్జ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు పబ్లిక్ ఫోన్ బూత్‌లో మాట్లాడే మాటకు కూడా రాజ్యాంగ రక్షణ ఉందంది. మరుసటి ఏడాదే నేర పరిశోధనలో ట్యాపింగ్‌కు జడ్జి ఆదేశం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మామూలు దర్యాప్తు పద్ధతులు ఎందుకు పనికిరావో జడ్జికి చెప్పాలి. ఆదేశం 30 రోజులకే. కేసుతో సంబంధం లేని మాటలు వినడం తగ్గించాలి. మరీ అత్యవసరమైతే ముందు మొదలుపెట్టి 48 గంటల్లో జడ్జి దగ్గరికి వెళ్ళవచ్చు. కాబట్టి జడ్జి ఉంటే ఆలస్యమవుతుందన్న భయానికి జవాబు అక్కడే ఉంది. మన రూల్స్ కూడా గత్యంతరం లేనప్పుడు ఐజీ స్థాయి అధికారి మొదలుపెట్టి తర్వాత సెక్రటరీతో ధ్రువీకరించుకోవచ్చు అనే అంటాయి. ఆ ధ్రువీకరణ జడ్జి చేస్తే దర్యాప్తుకు వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాదు.

అయితే జడ్జి ఉన్నంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. దేశ భద్రత కేసుల కోసం అమెరికాలో 1978 చట్టంతో రహస్య కోర్టు ఒకటి పెట్టారు. అక్కడ వాదించేది దాదాపు ఎప్పుడూ ప్రభుత్వమే. 1979 నుంచి 2012 దాకా వచ్చిన 33 వేలకు పైగా దరఖాస్తుల్లో తిరస్కరించినవి 11. చాలా దరఖాస్తులను మార్పులు చేయించాకే ఒప్పుకున్నామని ఆ జడ్జీలు చెప్పారు, అది నిజమే కావచ్చు. కానీ వెరిజాన్ కంపెనీ ఫోన్ వాడే కోట్లమంది కాల్ వివరాలు రోజూ ఇవ్వమని ఆదేశించింది కూడా ఆ కోర్టే. 2013లో అక్కడి నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టకపోతే ఆ సంగతి జనానికి తెలిసేదే కాదు. రెండో పక్షం లేని గదిలో జడ్జి కూడా ముద్ర కొట్టే గుమాస్తా అయిపోతాడు.

బ్రిటన్ 2016 చట్టంలో ఎంచుకున్న దారి మధ్యలో ఉంది. వారంట్ మంత్రి ఇస్తాడు, జ్యుడీషియల్ కమిషనర్‌గా ఉన్న జడ్జి ఆమోదిస్తేనే అది చెల్లుతుంది. రేపు తప్పు జరిగితే పార్లమెంటులో నిలబడి జవాబు చెప్పాల్సిన మంత్రి ఒకడున్నాడు, ఆ మంత్రి దయ అక్కర్లేని జడ్జి ఒకడున్నాడు. అన్యాయంగా నిఘా పెట్టారనుకున్నవాళ్ళు వెళ్ళడానికి ప్రత్యేక ట్రైబ్యునల్ ఉంది. గూఢచర్యం, ఉగ్రవాదం లాంటి వాటికి నాకు ఇదే నచ్చుతుంది. మన సుప్రీంకోర్టు కూడా ఒకసారి ఇటే చూసింది. 2018 ఆధార్ తీర్పులో, దేశ భద్రత పేరుతో జాయింట్ సెక్రటరీ చెబితే ఆధార్ సమాచారం ఇచ్చేయవచ్చన్న సెక్షన్‌ను కొట్టేస్తూ, ఇంకా పై అధికారి ఉండాలని, ఆయనతో పాటు ఒక న్యాయాధికారి, వీలైతే హైకోర్టు జడ్జి, ఉండాలని చెప్పింది. 2019 సవరణలో జాయింట్ సెక్రటరీ బదులు సెక్రటరీ అని మార్చారు. జడ్జిని చేర్చలేదు.

మామూలు నేరాలకు మాత్రం అమెరికా 1968 చట్టమే మేలు. జడ్జి సంతకం కంటే దానిలోని మరో రెండు ఏర్పాట్ల వల్ల నేనీ మాట అంటున్నాను. ఒకటి, చట్టాన్ని మీరి రికార్డు చేసింది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. మన దగ్గర అక్రమంగా సేకరించినా సరే, కేసుకు సంబంధించినదైతే కోర్టులు సాధారణంగా తీసుకుంటాయి. కొన్ని హైకోర్టులు ఎదురు తిరిగాయి. లంచం కేసు ప్రజా భద్రత కిందకు రాదంటూ 2019లో బాంబే హైకోర్టు, 2025లో మద్రాసు హైకోర్టు ట్యాపింగ్ ఆదేశాలను కొట్టేశాయి. ఢిల్లీ హైకోర్టు 2025లోనే అందుకు వేరుగా చెప్పింది. ఇలా ఉంటే ఏ పోలీసు అధికారికీ రూల్ మీరితే పట్టుకున్న కేసు చేజారుతుందన్న భయం ఉండదు.

రెండోది నోటీసు. ట్యాపింగ్ ముగిసిన 90 రోజుల్లోపు, "ఫలానా రోజుల్లో మీ ఫోన్ విన్నాం" అని ఆదేశంలో పేరున్న మనిషికి తెలియజేయాలి. తగిన కారణం ఉంటే జడ్జి దాన్ని వాయిదా వేయవచ్చు. ఏడాదికి ఎన్ని ఆదేశాలిచ్చారో లెక్కలు కూడా అచ్చు వేస్తారు. మన దగ్గర ట్యాప్ అయినవాళ్ళకు చెప్పే నిబంధనే లేదు. తెలంగాణలో ప్రభుత్వం మారి, పోలీసులు వాంగ్మూలం కోసం పిలిస్తే గానీ చాలామందికి తమ నంబరు జాబితాలో ఉందని తెలియలేదు. ప్రభుత్వం మారకపోయి ఉంటే వాళ్ళు ఏ కోర్టుకూ వెళ్ళేవాళ్ళు కాదు, ఎందుకంటే జరిగిందే తెలియదు. 2017లో మన సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. భంగం జరిగిందని తెలియని మనిషి ఆ హక్కుతో ఏ తలుపు తట్టాలి?

జడ్జిని తేవాలంటే ఎంతమంది జడ్జీలు కావాలి, ఏ స్థాయివాళ్ళు కావాలి అన్నది తేల్చడానికి కొంత సమయం పడుతుందంటే ఒప్పుకుంటాను. పెండింగ్ కేసుల భారం నాకూ తెలుసు. నోటీసుకు అలాంటి సాకు లేదు. 2023 చట్టంలోని సెక్షన్ 20(2)లోనే ప్రభుత్వం రూల్స్‌లో పెట్టే రక్షణలకు లోబడి ట్యాపింగ్ జరగాలని ఉంది. ఆ రూల్స్‌లో నోటీసు నిబంధన చేర్చడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. కేంద్రం తలచుకుంటే ఒక గెజిట్ నోటిఫికేషన్ చాలు.