పన్నెండు గంటలని చెప్పి డాలస్ పంపించాడు

"తెల్లవారుజామున నాలుగుంపావుకు హైదరాబాద్‌లో ఎక్కితే, అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు డాలస్‌లో దిగుతారండీ. పన్నెండు గంటలు, అంతే!" అన్నాడు విజయవాడలో మాకు టికెట్లు తీసిన ఏజెంటు. మనిషికి 1,24,500 రూపాయలు, పైన తన చార్జీ 3,000. కాశీకి రైల్లో ఒక రోజు దాటింది, ఇదెంత అనుకుంది మా ఆవిడ.

మే నెలలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. ఆ పదిన్నర గంటలూ ఆయన మింగేశాడు. దోహాకు నాలుగున్నర గంటలు, అక్కడ రెండు గంటల పరుగు, ఆపైన ఒకే ఊపున పదహారు గంటల ఇరవై నిమిషాలు. వెరసి ఇరవై మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ.

పైగా ఇద్దరికీ మధ్య సీట్లు, అదీ వేర్వేరు వరుసల్లో. లేవాలంటే ప్రతిసారీ నిద్రపోతున్న పరాయి మనిషిని తట్టి లేపాలి. మొహమాటంతో ఆవిడ మంచినీళ్లే మానేసింది. సగం దారిలో వెళ్లి చూస్తే పాదాలు పొంగి, మెట్టెలు వేలిలోకి దిగిపోయి ఉన్నాయి. తీయమంటే కళ్లెర్రజేసింది. ఏజెంటు మీది కోపం కూడా నాకే వడ్డించింది. దిగేదాకా మాటల్లేవు.

మోకాళ్ల నొప్పి సంగతి ముందే చెప్పినా ఆ మహానుభావుడు చక్రాల కుర్చీ అడగలేదు. హైదరాబాద్ కౌంటర్‌లోని అమ్మాయి అప్పటికప్పుడు రాసిచ్చింది. పైసా ఖర్చు లేదు. దోహాలో ఆ కుర్చీయే లేకపోతే రెండో విమానం మాకు అందేది కాదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు సిగ్గుపడకుండా అడగండి, మధ్యలో నాలుగు గంటలైనా విరామం ఉండేలా చూసుకోండి. భోజనం ఫర్వాలేదు. దోహాలో కాఫీ మాత్రం 22 రియాళ్లు, అంటే మన ఐదు వందలు!

ఇంటికి చేరాక మనవడు గ్లోబు తెచ్చాడు. ఆవిడ పూలు కట్టే దారం తీసి హైదరాబాద్ మీద ఒక కొస, డాలస్ మీద ఒక కొస పెట్టి బిగించింది. దారం పడమరకు పోలేదు, తిన్నగా ఉత్తర ధ్రువం పక్కకు ఎక్కింది! ఆ దారి దాదాపు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా 15,650. చుట్టుదారి అని ఏజెంటును తిట్టుకున్నాను గానీ, పెరిగింది పన్నెండు వందల పైచిలుకే. ఆ ఒక్క విషయంలో ఆయన తప్పు లేదు.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి నెడుతుంది కాబట్టి దోహాకు పద్నాలుగున్నర గంటలే పట్టింది. ఈసారి నడవ పక్క సీట్లు రెండూ నేనే 9,600 పెట్టి కొన్నాను. ఆవిడ వదులు మెట్టెల జత వేసుకుని ఎక్కింది.