గేమ్‌బాయ్ అడ్వాన్స్‌తో హార్డ్‌వేర్ ప్రయోగాలు: స్క్రీన్ సంగతి తర్వాత, ముందు లింక్ పోర్ట్ చూడండి

ఇందులో గేమ్స్ ఎలా నడుస్తాయి అనేది ఇక్కడ చెప్పట్లేదు, దానికి వేరే చాలామంది ఉన్నారు. 2001లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ (నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్), అంటే అడ్డంగా వెడల్పుగా ఉండేది, మడిచే ఎస్పీ కాదు, దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని స్క్రీన్ మార్చా, బ్యాటరీ మార్చా, పైన ఉన్న లింక్ పోర్ట్‌కి (రెండు గేమ్‌బాయ్‌లని కేబుల్‌తో కలిపే సాకెట్) పీకో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలించి సెన్సర్లు, మోటార్లు నడిపిస్తున్నా, ఇప్పటికీ వారంలో సగం రోజులు అది నా టేబుల్ మీదే ఉంటుంది. ఇన్నాళ్లు వాడాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే, అందరూ ముందు స్క్రీన్ మీద డబ్బులు పెడతారు, కానీ ప్రయోగాలు చేయాలనుకునేవాళ్లకి అసలు బంగారం ఆ చిన్న పోర్ట్‌లో ఉంది, పైగా దానికోసం బోర్డు మీద ఒక్క సోల్డర్ చుక్క కూడా పెట్టక్కర్లేదు.

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, చిన్న ఎల్‌సీడీ ఒకటి కొనుక్కుంటే సరిపోదా, ఇదెందుకు అని అడుగుతారు. సరిపోతుంది, కాదనను. కానీ చేతిలో ఇమిడే బాడీ, పది బటన్లు, స్పీకర్, బ్యాటరీ గది అన్నీ కలిపి మనం చేసుకోవాలంటే నెలలు పడుతుంది, చేసినా ఇంత గట్టిగా రాదు. లోపల 16.78 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం7 ప్రాసెసర్, 240×160 స్క్రీన్, 256 కేబీ బయటి ర్యామ్, 32 కేబీ ఫాస్ట్ ర్యామ్. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, డ్రైవర్లు లేవు, ఒక రిజిస్టర్‌లో (హార్డ్‌వేర్‌ని నడిపించే చిన్న మెమరీ గడి) విలువ రాస్తే వెంటనే పని జరుగుతుంది. హాబీ వాళ్లు ఇన్నేళ్లలో ఆ రిజిస్టర్లన్నీ దాదాపు బిట్ బిట్‌గా రాసి పెట్టారు కాబట్టి ఎక్కడైనా ఇరుక్కుంటే దారి దొరుకుతుంది. మైక్రోకంట్రోలర్ నేర్చుకోవాలనుకునే పిల్లలకి నేను నిజంగా ఇదే ఇస్తా.

ఇప్పుడు లింక్ పోర్ట్. ఆరు పిన్నులు: 3.3 వోల్టులు, ఎస్‌ఓ, ఎస్‌ఐ, ఎస్‌డీ, ఎస్‌సీ, గ్రౌండ్. మధ్యలో నాలుగూ సిగ్నల్ లైన్లు, వాటిలో ఎస్‌ఓ డేటా బయటికి పంపేది, ఎస్‌ఐ లోపలికి తీసుకునేది, ఎస్‌సీ బిట్ల తాళం కొట్టే క్లాక్. రిజిస్టర్లలో సెట్టింగ్ మారిస్తే ఇవే రకరకాలుగా పనిచేస్తాయి, నలుగురు ఆడుకునే మల్టీప్లేయర్ మోడ్ ఉంది, ఎస్‌పీఐ (క్లాక్‌తో పాటు బిట్లు పంపే పద్ధతి) లాంటి నార్మల్ మోడ్ ఉంది, సెకనుకి 9600 నుంచి 115200 బిట్ల దాకా వెళ్లే యూఆర్ట్ (క్లాక్ లైన్ లేని మామూలు సీరియల్ పద్ధతి) ఉంది, ఇవేవీ వద్దంటే నాలుగు పిన్నులూ మామూలు జీపీఐఓగా, అంటే మనమే ఆన్ ఆఫ్ చేసే, చదివే పిన్నులుగా వాడుకోవచ్చు. గేమ్ ఆడుకునే వస్తువులో యూఆర్ట్ ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

దానికన్నా గొప్పది మల్టీబూట్. క్యాసెట్ పెట్టకుండా ఆన్ చేస్తే లోగో వచ్చాక అది లింక్ పోర్ట్ వైపు చూస్తూ కూర్చుంటుంది, అవతలి నుంచి ఎవరైనా ప్రోగ్రామ్ పంపితే ఆ 256 కేబీ ర్యామ్‌లోకి తీసుకుని నడిపేస్తుంది. ఒక్క క్యాసెట్‌తో ఇద్దరు ముగ్గురు ఆడుకోవడానికి పెట్టిన సదుపాయం అది, మనకేమో ఫ్లాష్ కార్ట్ (మన ప్రోగ్రామ్ రాసుకునే క్యాసెట్) కొనే ఖర్చు తప్పింది. క్యాసెట్ లోపల ఉన్నా పర్లేదు, స్టార్ట్ సెలెక్ట్ రెండూ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే చాలు.

నేను వాడేది రాస్ప్‌బెర్రీ పై పీకో, 2021లో వచ్చింది, అదీ 3.3 వోల్టులే కాబట్టి మధ్యలో వోల్టేజ్ మార్చే లెవెల్ షిఫ్టర్ అవసరం లేదు. ఆర్డ్వీనో ఊనో బోర్డు అయితే 5 వోల్టులు, దాన్ని నేరుగా తగిలించకండి. పీకో క్లాక్ ఇస్తూ 32 బిట్లు చొప్పున పంపుతుంది, మొదట 6202 అనే హెక్స్ అంకెతో పలకరిస్తే అటు నుంచి 7202 అని జవాబు రావాలి, ఆ 7202 కనపడిందంటే వైర్లు సరిగ్గా ఉన్నట్టే. తర్వాత హెడర్ వెళ్తుంది, ఆ తర్వాత ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్ట్ అయ్యి వెళ్తుంది, చివర్లో సీఆర్‌సీ, అంటే డేటా చెడలేదని చూసే లెక్క, సరిచూసుకుంటారు ఇద్దరూ. 256 కిలోహెర్ట్జ్ క్లాక్ దగ్గర మొత్తం 256 కేబీ నింపాలంటే లెక్క ప్రకారం 8 సెకన్లు, మధ్య గ్యాప్‌లతో ఇంకాస్త, కానీ నా ప్రోగ్రాములు 30, 40 కేబీ దాటవు కాబట్టి కోడ్ మార్చి బిల్డ్ కొట్టి ఆఫ్ చేసి ఆన్ చేసేలోపు కొత్తది నడుస్తూ ఉంటుంది. ఈ వేగం వచ్చాక పని చేసే తీరే మారిపోయింది, ఒక్క రంగు మార్చాలన్నా చిన్న శబ్దం సరిచేయాలన్నా బద్ధకం అనిపించదు. ప్రోగ్రామ్ బిల్డ్ చేసే డెవ్‌కిట్‌ఏఆర్ఎం టూల్స్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మల్టీబూట్ ప్రోగ్రామ్‌ని క్యాసెట్ అడ్రస్‌కి కాకుండా ఆ 256 కేబీ ర్యామ్ అడ్రస్ 02000000 దగ్గర మొదలయ్యేలా లింక్ చేయాలి, లేకపోతే ఎంజీబీఏ ఎమ్యులేటర్‌లో క్యాసెట్‌గా చక్కగా నడిచినది అసలు మెషిన్‌లో తెల్ల స్క్రీన్ చూపిస్తుంది.

వైర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. చవక లింక్ కేబుళ్లలో ఆరు వైర్లూ ఉంటాయని నమ్మకం లేదు, కొన్నిట్లో ఒకటో రెండో అసలు వేయరు, వైర్ రంగులకి కూడా ఏ పద్ధతీ లేదు, ఒక కేబుల్‌లో ఎరుపు 3.3 అయితే ఇంకో దాంట్లో అదే ఎరుపు ఎస్‌ఓ. కేబుల్ మధ్యలో కోసి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, ప్లగ్‌లో పిన్నుకి సన్న సూది ఆనించి ఒక్కో వైరూ చూసుకుని కాగితం మీద రాసుకోండి. ఇంకోటి, అసలు కేబుల్‌లో రెండు కొసలూ ఒకేలా ఉండవు, ఊదా రంగు కొస మొదటి ప్లేయర్‌ది, బూడిద రంగుది రెండో ప్లేయర్‌ది. ప్లగ్ నుంచి నేరుగా వైరింగ్ చేసుకుంటే ఈ గొడవ ఉండదు. గ్రౌండ్ రెండు వైపులా తప్పకుండా కలవాలి. 3.3 పిన్ మాత్రం నేను అసలు వాడను, గేమ్‌బాయ్ లోపలి రెగ్యులేటర్ తనకి సరిపడా తయారు చేసుకునేదే, దాని మీద బయట బోర్డు నడిపించడం మంచిది కాదు, పీకోకి యూఎస్‌బీ నుంచే పవర్ ఇస్తా. ముఖ్యంగా, పీకో తగిలించి ఉండగా పాత గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ క్యాసెట్లు ఏవీ పెట్టొద్దు. ఆ క్యాసెట్ ఆకారమే లోపల చిన్న స్విచ్‌ని నొక్కి మెషిన్‌ని 5 వోల్టులకి మారుస్తుంది, అప్పుడు లింక్ లైన్లు కూడా 5కి వెళ్తాయి, పీకో పిన్నులు తట్టుకోవు.

హైదరాబాద్ కోటి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్న చిన్న లాజిక్ ఎనలైజర్ (వైర్ల మీద సిగ్నళ్లని గీతలుగా చూపించే పనిముట్టు) ఈ పనిలో బాగా అక్కరకొచ్చింది. నా మొదటి ప్రయోగం గేమ్‌బాయ్‌ని కంప్యూటర్‌కి గేమ్‌ప్యాడ్‌గా మార్చడం, పది బటన్లకి పది బిట్లు, ఒక్క ట్రాన్స్‌ఫర్‌లో అన్నీ వచ్చేస్తాయి, పీకో వాటిని యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్‌గా చూపిస్తుంది. ఎ బటన్ మొదటి బిట్, బి రెండోది. గేమ్‌బాయ్ సిద్ధం కాకముందే పీకో క్లాక్ కొడితే బిట్లు ఒక గడి జరిగిపోతాయి, ఎ నొక్కితే కంప్యూటర్‌లో బి వస్తుంది. ఎనలైజర్‌లో చూస్తే ఎస్‌సీ గీత ముందే మొదలవడం, ఎస్‌ఓ గీత ఆలస్యంగా కదలడం స్పష్టంగా కనపడుతుంది. మందు ఏంటంటే ఎస్‌ఓ లైన్‌నే సిగ్నల్‌గా వాడుకోవడం, సిద్ధంగా ఉన్నప్పుడు గేమ్‌బాయ్ దాన్ని కిందికి లాగుతుంది, పీకో అది చూశాకే క్లాక్ ఇస్తుంది. ఆ ఒక్కటి పెట్టాక ఇప్పటిదాకా ఒక్క బటన్ కూడా తప్పు రాలేదు. ఎస్‌పీఐ అంటే పుస్తకంలో చదివిందానికీ ఆ రెండు గీతల్ని కళ్లారా చూసిందానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు రోజూ నడిచేది బాల్కనీ గ్రాఫ్. ఉష్ణోగ్రత, తేమ కొలిచే బీఎంఈ280 సెన్సర్ పీకోకి, పీకో నుంచి యూఆర్ట్‌లో గేమ్‌బాయ్‌కి, స్క్రీన్ మీద వాటి గీతలు, ఎల్ ఆర్ నొక్కితే వెనక్కి ముందుకి జరుగుతాయి. మే నెల మధ్యాహ్నం ఆ గీత నిటారుగా పైకెళ్లడం చూడటానికి మా ఇంట్లోవాళ్లు కూడా వస్తారు. మూడోది చిన్న రెండు చక్రాల బండి, గేమ్‌బాయ్ రిమోట్, మా అక్క కొడుకు దాన్ని వదలడు.

స్క్రీన్ సంగతికొస్తే, అసలు స్క్రీన్‌కి లైట్ లేదు, కిటికీ పక్కన కూర్చుంటే తప్ప సరిగ్గా కనపడదు, ఆ విషయంలో మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు న్యాయమైనదే. లైట్ ఉన్న కొత్త ఐపీఎస్ స్క్రీన్ కిట్ వేశాక తేడా అద్భుతంగానే ఉంది, 240×160ని సరిగ్గా మూడింతలు చేసి చూపిస్తుంది కాబట్టి అక్షరాలు చెదరవు. కానీ మూడు విషయాలు. మదర్‌బోర్డుల్లో స్క్రీన్‌ని కలిపే రిబ్బన్ కేబుల్ 40 పిన్నులదీ ఉంటుంది, 32 పిన్నులదీ ఉంటుంది, బ్యాటరీ గదిలోంచి తొంగి చూస్తే బోర్డు మీద ఆ అంకె కనపడుతుంది, చూసుకుని ఆర్డర్ చేయండి. పాత బాడీలో పెట్టాలంటే లోపలి ప్లాస్టిక్ కోయాలి, నేను ఒరిజినల్ బాడీ కోయడానికి ఒప్పుకోను, ముందే కట్ చేసి వచ్చే కొత్త షెల్ తీసుకుని పాతది భద్రంగా దాచా. అలాంటి ప్లాస్టిక్ మళ్లీ తయారు కాదు, మీరూ కోయకండి. మూడోది కరెంట్, రెండు ఏఏ సెల్స్ మీద మామూలుగా 15 గంటలు నడిచే మెషిన్ ఇది, ఐపీఎస్ బ్రైట్‌నెస్ పెంచి వాడితే నాకు అందులో సగం కూడా కష్టమే. రీఛార్జబుల్ సెల్స్ ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి ఎర్ర లైటు ఇంకా ముందే వెలుగుతుంది.

ఏఏ సెల్స్ బదులు వేసే లిథియం బ్యాటరీ, యూఎస్‌బీ సీ కిట్ మాత్రం నేను రికమెండ్ చేయను. నాకొచ్చిన బోర్డులో సీసీ రెసిస్టర్లు (సీ ఛార్జర్‌కి కరెంట్ ఇవ్వమని చెప్పేవి) వేయలేదు, అంటే రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ అవ్వదు, పాత ఏ నుంచి సీ కేబుల్ వెతుక్కోవాలి. పైగా ఎండాకాలం మన ఇళ్లలో, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పేరు తెలియని లిథియం సెల్ ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం నాకు ఇష్టం లేదు. తీసేసి మళ్లీ మంచి ఏఏ సెల్స్‌కే వచ్చేశా.

కొనేవాళ్లకి నా మాట ఇది. స్క్రీన్ గీతలు పడినా పర్లేదు, స్పీకర్ పోయినా పర్లేదు, అలాంటివి తక్కువకి వస్తాయి. బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు చూడండి, కాంటాక్టుల మీదే ఉంటే శుభ్రం చేసుకోవచ్చు, బోర్డు మీదికి పాకితే వదిలేయండి. ఆన్ చేసి స్విచ్‌ని కొంచెం కదిపితే రీసెట్ అవుతుంటే భయపడక్కర్లేదు, స్విచ్ లోపల మురికి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే దాదాపుగా పోతుంది. బాడీ తెరవడానికి ట్రైవింగ్ (మూడు రెక్కల మొన ఉండే) స్క్రూడ్రైవర్ కావాలి, చవకది కొంటే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ ఒక్క పనిముట్టు మాత్రం మంచిది కొనండి. అన్నిటికన్నా ముందు ఫోన్ టార్చ్ వేసి లింక్ పోర్ట్‌లోకి చూడండి, ఆరు పిన్నులూ నిటారుగా మెరుస్తూ ఉన్నాయా లేదా. అది బాగుంటే బేరం ఆడి తీసుకోండి, మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు.